మోడల్ ఇంజినీరింగ్ సొసైటీలు

ఆవిరి రైలింజన్లు, రోడ్డు ఇంజన్లు, పెట్రోలు ఇంజన్లు, గడియారాలు, పడవలు మొదలైనవాటిని చిన్న పరిమాణంలో, నిజంగా పనిచేసేలా లోహంతో తయారుచేసే అభిరుచి గలవారి సంఘాలను మోడల్ ఇంజినీరింగ్ సొసైటీలు అంటారు. బ్రిటన్‌లో 19వ శతాబ్దం చివర మొదలైన ఈ సంఘాలు తర్వాత ఆస్ట్రేలియా, అమెరికా తదితర దేశాలకూ విస్తరించాయి. అద్దాల బీరువాలో పెట్టే బొమ్మకూ వీరి నమూనాకూ తేడా ఉంది. వీరు చేసిన ఇంజన్‌లో బొగ్గు మండాలి, నీరు మరగాలి, ఆవిరి పిస్టన్‌ను తొయ్యాలి. తయారీ చాలావరకు ఎవరి ఇంటి షెడ్డులో వారు ఒంటరిగా చేసుకునే పని. తయారైనదాన్ని పరీక్షించడానికి, నడపడానికి, తోటివారి పనితో పోల్చి చూడటానికి మాత్రం నలుగురు కావాలి. సొసైటీల ముఖ్య కార్యక్రమాలు ఈ అవసరం నుంచే పుట్టాయి.

ఆవిర్భావం

1898 జనవరిలో లండన్ నుంచి పెర్సివల్ మార్షల్ సంపాదకత్వంలో ‘ది మోడల్ ఇంజినీర్ అండ్ అమెచ్యూర్ ఎలక్ట్రీషియన్’ అనే పత్రిక వెలువడింది. అదే ఏడాది మార్షల్ చొరవతో లండన్‌లో సొసైటీ ఆఫ్ మోడల్ ఇంజినీర్స్ ఏర్పడింది. ఇదే తర్వాత సొసైటీ ఆఫ్ మోడల్ అండ్ ఎక్స్‌పెరిమెంటల్ ఇంజినీర్స్‌గా పేరు మార్చుకుంది. దక్షిణ లండన్‌లోని దీని భవనానికి వ్యవస్థాపకుడి పేరిట మార్షల్ హౌస్ అని పేరు పెట్టారు. 1907లో మొదటి మోడల్ ఇంజినీర్ ఎగ్జిబిషన్ జరిగింది. చేసేవాళ్లు, చూసేవాళ్లు, పనిముట్లు అమ్మేవాళ్లు ఒకచోట కలిసే ప్రదర్శనలు అప్పటి నుంచి ఈ రంగంలో ఆనవాయితీ అయ్యాయి.

1920వ దశకంలో పత్రిక పుటల్లో నడిచిన ఒక వివాదం ఈ అభిరుచి దారినే మార్చింది. చిన్న రైలింజన్లకు స్పిరిట్ దీపంతో వేడిచేసే సాదా బాయిలర్ సరిపోతుందని అప్పటి ప్రముఖ డిజైనర్ హెన్రీ గ్రీన్లీ వంటివారి అభిప్రాయం. ఎల్.బి.ఎస్.సి. అనే కలంపేరుతో రాసే లిలియన్ లారెన్స్ దీన్ని ఒప్పుకోలేదు. పెద్ద ఇంజన్‌లో ఉన్నట్టే బొగ్గుపొయ్యి, గొట్టాల వరుసలు ఉన్న బాయిలర్ చిన్న ఇంజన్‌లోనూ పనిచేస్తుందని, అలాంటి ఇంజన్ మనుషుల్ని లాగగలదని ఆయన వాదించారు. తాను చేసిన రెండున్నర అంగుళాల గేజి (పట్టాల మధ్య దూరం) ఇంజన్ ‘అయేషా’తోనే దాన్ని నిరూపించారు. ‘బాయిలర్ల యుద్ధం’గా పేరుపడిన ఈ వివాదం తర్వాత బొగ్గు బాయిలరే ప్రమాణంగా స్థిరపడింది. లారెన్స్ దశాబ్దాలపాటు, చిన్న లేతు మాత్రమే ఉన్నవారికి కూడా అర్థమయ్యేలా ఒక్కొక్క భాగం తయారీని వివరిస్తూ పత్రికలో రాశారు. మూడున్నర అంగుళాల గేజికి ఆయన రూపొందించిన ‘టిచ్’ను కొత్తగా పని మొదలుపెట్టేవారు ఇప్పటికీ ఎంచుకుంటూ ఉంటారు.

గేజీలు, తయారీ

రైలింజన్ నమూనాలను అవి నడిచే పట్టాల మధ్య దూరాన్ని బట్టి చెబుతారు. బ్రిటన్‌లో ఎక్కువగా వాడే గేజీలు మూడున్నర, 5, ఏడుంపావు అంగుళాలు. మిల్లీమీటర్లలో ఇవి సుమారు 89, 127, 184. ట్రాక్షన్ ఇంజన్లనే రోడ్డు ఇంజన్లకు పట్టాల లెక్క ఉండదు. అసలు యంత్రంలోని అడుగుకు నమూనాలో ఎన్ని అంగుళాలో చెబుతారు.

షెడ్డులో ప్రధాన యంత్రం లేతు. నాటింగ్‌హామ్ దగ్గర బీస్టన్‌లోని మైఫోర్డ్ కంపెనీ 1946లో తెచ్చిన ఎం.ఎల్.7 లేతు బ్రిటన్‌లో ఈ అభిరుచికి దాదాపు గుర్తుగా నిలిచింది. దానికి తోడు డ్రిల్లింగ్ మిషన్, వైస్, ఆకురాళ్లు, కొలత సాధనాలు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఇనుము, గన్‌మెటల్ పోత భాగాలు డ్రాయింగులతో సహా దొరుకుతాయి. వాటిని కోసి, తొలిచి, నునుపు చేసి అమర్చుకోవాలి. స్టువర్ట్ టర్నర్ కంపెనీ పేరుతో ప్రసిద్ధమైన 10వి అనే నిలువు ఇంజన్ చాలామందికి తొలి పాఠం. దాని సిలిండర్ వ్యాసం, పిస్టన్ కదిలే దూరం రెండూ ముప్పావు అంగుళమే. రైలింజన్ పూర్తికావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

అసలు యంత్రం కొలతలన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తే సరిపోదు. పొడవును పన్నెండో వంతు చేస్తే ఉపరితలం 144వ వంతుకు, ఘనపరిమాణం 1,728వ వంతుకు పడిపోతాయి. లోపల ఉన్న నీటితో పోలిస్తే వేడి పోగొట్టుకునే ఉపరితలం ఎక్కువవుతుంది. బాయిలర్ గొట్టాలనూ అదే నిష్పత్తిలో సన్నం చేస్తే బొగ్గు పొగ వాటిలోంచి సాగదు, మసితో పూడుకుపోతాయి. అందుకే నమూనాలో గొట్టాలు తక్కువ, వ్యాసం దామాషా కన్నా ఎక్కువ. ఇలాంటి సర్దుబాట్లు ఎక్కడెక్కడ అవసరమో సొసైటీలోని అనుభవజ్ఞుల నుంచి కొత్తవారికి అందుతుంది.

బాయిలర్ పరీక్ష

సొసైటీల పనుల్లో అత్యంత బాధ్యతతో కూడినది ఇదే. నమూనా బాయిలర్లను ఎక్కువగా రాగి రేకుతో చేసి, అతుకులను వెండి టంకంతో కలుపుతారు. లోపలి ఆవిరి పీడనం చదరపు అంగుళానికి 80 నుంచి 100 పౌండ్ల దాకా ఉండవచ్చు. అతుకు విడిపోతే పక్కనున్నవారికి ప్రాణాపాయం. బ్రిటన్‌లో సొసైటీల సమాఖ్యలు కలిసి పరీక్షా నియమావళి రూపొందించుకున్నాయి. ఆ నియమాల ప్రకారం సొసైటీ నియమించిన ఇన్‌స్పెక్టర్ పరీక్ష జరిపి ధ్రువపత్రం ఇస్తారు. ఇన్‌స్పెక్టర్ తన సొంత బాయిలర్‌ను తానే పరీక్షించుకోవడానికి వీల్లేదు.

మొదట చేసేది నీటి పరీక్ష. కొత్త బాయిలర్‌లో గాలి లేకుండా నీరు నింపి, పంపుతో పని పీడనానికి రెట్టింపు దాకా పెంచుతారు. తర్వాతి సంవత్సరాల్లో మళ్లీ చేసే పరీక్షకు ఒకటిన్నర రెట్లు చాలు. నీరు పెద్దగా కుంచించుకోదు కనుక దానిలో శక్తి నిల్వ ఉండదు. ఎక్కడైనా అతుకు విడిపోతే నీరు చిమ్ముతుంది, పేలుడు జరగదు. ఇందులో నెగ్గిన తర్వాతే ఆవిరి పరీక్ష. మంటను పూర్తిగా ఎగదోసి, ఆవిరిని వాడకుండా ఉంచినా సేఫ్టీ వాల్వులు పీడనాన్ని పని పీడనం మీద పది శాతానికి మించి పెరగనివ్వకూడదు. నీటిమట్టం చూపే గాజు గొట్టం, పీడన మాపకం, బాయిలర్‌లోకి నీరు ఎక్కించే పద్ధతులు సరిగా ఉన్నాయా అన్నదీ అప్పుడే చూస్తారు.

ట్రాకులు, రైళ్ల రోజులు

సొంత పెరట్లో ట్రాకు వేసుకోగలిగేవారు తక్కువ. అందుకే చాలా సొసైటీలు పార్కుల్లో, అద్దె స్థలాల్లో ట్రాకులు నిర్మించి నిర్వహిస్తాయి. గిల్డ్‌ఫర్డ్‌లోని స్టోక్ పార్క్, బ్రిస్టల్‌లోని ఆష్టన్ కోర్ట్, బర్మింగ్‌హామ్ సొసైటీకి చెందిన ఇల్షా హీత్ ఇందుకు ఉదాహరణలు. స్తంభాల మీద నడుము ఎత్తుకు కాస్త తక్కువగా వేసే ఎత్తు ట్రాకు మూడున్నర, 5 అంగుళాల ఇంజన్లకు అనుకూలం. దాని మీద ప్రయాణికులు రెండువైపులా కాళ్లు వేసుకుని కూర్చుంటారు. ఏడుంపావు అంగుళాల ఇంజన్లు నేల మీది ట్రాకు మీద నడుస్తాయి. స్లీపర్లు మార్చడం, గడ్డి కోయడం, సిగ్నళ్లు బాగుచేయడం అన్నీ సభ్యుల శ్రమదానమే.

వేసవి ఆదివారాల్లో చాలాచోట్ల ప్రజలను రైలెక్కిస్తారు. ఇంజన్‌ను ముందుగా రాజేయాలి. పొగగొట్టం మీద చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టి గాలి లాగిస్తూ, కిరసనాయిలులో నానబెట్టిన కట్టెముక్కలతోనో కర్రబొగ్గుతోనో మంట అంటించి, ఆ తర్వాత రాతిబొగ్గు వేస్తారు. సొంత ఆవిరి చాలినంత పుట్టాక ఫ్యాను తీసేస్తారు. డ్రైవరు ఇంజన్ వెనక కూర్చుని ఒక చేత్తో ఆవిరిని అదుపుచేసే రెగ్యులేటర్ తిప్పుతూ, మరో చేత్తో గరిటెంత పారతో బొగ్గు వేస్తూ, నీటిమట్టం మీద కన్నేసి ఉంచాలి. గార్డు, స్టేషన్ చూసుకునేవారు, టికెట్లు ఇచ్చేవారు వేరే ఉంటారు. టికెట్ల డబ్బుతోనే చాలా సొసైటీల ట్రాకు ఖర్చు గడుస్తుంది.

పోటీలు, ప్రదర్శనలు

ఇంటర్నేషనల్ మోడల్ లోకోమోటివ్ ఎఫిషియెన్సీ కాంపిటీషన్ 1969లో ఇల్షా హీత్‌లో మొదలైంది. ఇందులో వేగానికి విలువ లేదు. పోటీదారుకు తూచిన బొగ్గు ఇస్తారు. నిర్ణీత సమయం రైలు నడిపాక మిగిలిన బొగ్గును మళ్లీ తూచి, ఇంజన్ వెనక కట్టిన కొలత బండి చూపిన పనితో పోల్చి సామర్థ్యం లెక్కగడతారు. బొగ్గులోని శక్తిలో ఒకటి నుంచి మూడు శాతం దాకా లాగే పనిగా మారితే మంచి ఫలితమే.

పనితనానికి ఇచ్చే బహుమతుల్లో మోడల్ ఇంజినీర్ ఎగ్జిబిషన్‌లోని డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో ఛాలెంజ్ ట్రోఫీ ప్రతిష్ఠాత్మకమైనది. విక్టోరియా కాలపు అరుదైన రోడ్డు ఇంజన్లను చిన్న పరిమాణంలో నిర్మించిన చెర్రీ హిల్ దీన్ని పలుమార్లు గెలుచుకున్నారు.

సమావేశాలు, శిక్షణ

సాయంకాల సమావేశాల్లో ఉపన్యాసాలతోపాటు సభ్యులు సగం చేసిన భాగాలను తెచ్చి చూపే రాత్రులూ ఉంటాయి. పాడైన భాగమూ బల్ల మీదికి వస్తుంది. ఎక్కడ తేడా వచ్చిందో తలా ఒక మాట చెబుతారు. లండన్ సొసైటీ కొత్తవారికి లేతు పని, పనిముట్లకు పదును పెట్టడం వంటివాటిలో శిక్షణ తరగతులు నడుపుతోంది. ఇటీవల కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్, లేజర్ కటింగ్, పోతలకు కావలసిన మూసనమూనాల త్రీడీ ప్రింటింగ్ కూడా ఈ అభిరుచిలోకి వచ్చాయి.

ఇతర దేశాలు, నేటి సమస్యలు

ఆస్ట్రేలియాలో చిన్న బాయిలర్ల భద్రతకు ప్రత్యేక కమిటీ, దాని సొంత నియమావళి ఉన్నాయి. అమెరికాలో ఏడున్నర అంగుళాల గేజి ఎక్కువ. ఒరెగన్ రాష్ట్రంలోని ట్రెయిన్ మౌంటెన్‌లో ఈ గేజి ట్రాకు మైళ్ల కొద్దీ సాగుతుంది.

బ్రిటన్‌లో ఇప్పటి పెద్ద చిక్కు బొగ్గే. పొగ తక్కువగా మండే వేల్స్ ఆవిరి బొగ్గు ఈ చిన్న పొయ్యిలకు బాగా నప్పేది. 2023 నవంబరులో ఫోస్-ఎ-వ్రాన్ గని మూతపడటంతో దాని సరఫరా చిక్కుల్లో పడింది. దిగుమతి బొగ్గు, పొడిని ముద్దలుగా ఒత్తిన ఇంధనాలు ప్రత్యామ్నాయంగా వచ్చాయి. ఒకరి పొయ్యిలో బాగా మండినది మరొకరి పొయ్యిలో గడ్డకట్టవచ్చు. అందువల్ల ఏ ఇంధనం ఏ ఇంజన్‌కు పనికొస్తుందో సభ్యులు తమ ట్రాకుల మీదే నడిపి చూసి, ఫలితాలు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.