సెకండ్

ఇంగ్లిష్‌లో కాలమానపు మూల ప్రమాణం. ‘రెండవ’ అనే అర్థమూ ఉంది. ఈ రెంటికీ చుట్టరికం నిజమైనదే. గంటను మొదటిసారి 60 భాగాలు చేస్తే నిమిషం, దాన్ని రెండోసారి అలాగే విడగొడితే సెకండ్. లాటిన్‌లో ‘రెండో చిన్న భాగం’ అనేవారు. అందులో ‘రెండో’ ఒక్కటే నిలిచి పేరైపోయింది. కోణమానంలోనూ డిగ్రీలో 3,600వ వంతు సెకండే.

1967 నుంచి దీని నిర్వచనం సీజియం-133 పరమాణు వికిరణపు 9,192,631,770 డోలనాల వ్యవధి. ఇంత కచ్చితత్వానికి భూభ్రమణం తూగదు. అందుకే అప్పుడప్పుడు లీప్ సెకండ్ కలిపారు: 2017 జనవరి 1 ఉదయం భారత ప్రామాణిక కాలంలో 5:29:59 తర్వాత 5:29:60 వచ్చింది, ఆపైనే 5:30.

సభలో తీర్మానాన్ని బలపరచడమూ, బాక్సర్‌కు మూలన నిలిచే సహాయకుడూ సెకండే. తెలుగులో ‘ఒక్క సెకను’ అంటే కాసేపు ఆగమని.