క్రెమోనా వార్నిష్: పోయినది, పూసినది

ఉత్తర ఇటలీలోని క్రెమోనా పట్టణంలో 16వ శతాబ్దం మధ్యలో ఆంద్రెయా అమాటి నెలకొల్పిన వయొలిన్ తయారీ, ఆంటోనియో స్ట్రాడివరి, గ్వార్నేరి దెల్ జెజుల కాలానికి ఉచ్చస్థితికి చేరింది. వాళ్ల వాద్యాల మీద బంగారు, నారింజ, ముదురు ఎరుపు ఛాయల్లో మెరిసే వార్నిష్‌కు నాదానికి దీటైన పేరుంది. అయితే ఈ రోజు కనిపించే ఆ పూత అంతా వాళ్లు పూసినది కాదు. కొంత అరిగిపోయింది. కొంత తర్వాతివాళ్లు తుడిచేశారు. మిగిలినదాని మీద మరికొందరు తమ పూత పూశారు.

క్రెమోనావాళ్లు వాడింది నూనె వార్నిష్. అవిసె నూనె లాంటి ఆరే గుణమున్న నూనెలో పైన్ జాతి చెట్ల రోజనం కరిగించి దాన్ని తయారుచేసేవారు. అది ఆరడానికి ఎండ కావాలి, ఓపికా కావాలి. 1708లో స్ట్రాడివరి ఒక ఉత్తరంలో వయొలిన్ ఆలస్యమైనందుకు మన్నించమని కోరాడు. పెద్ద పగుళ్లు ఎండకు మళ్లీ విచ్చుకోకుండా వాటికి వార్నిష్ పట్టించవలసి వచ్చిందన్నది ఆయన చెప్పిన కారణం. ఆయన మరణానంతరం, 18వ శతాబ్దం నడుమకొచ్చేసరికి తొందరగా ఆరే స్పిరిట్ వార్నిష్‌లు వచ్చి పాత పద్ధతి మూలపడింది. క్రెమోనా వార్నిష్‌లో ఏదో రహస్యముందన్న కథలు 19వ శతాబ్దంలో పుట్టాయి. పారిస్ సంగీత మ్యూజియంలోని ఐదు స్ట్రాడివరి వాద్యాలను పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితాల్లో కనబడిందల్లా చెక్కలోకి ఇంకిన నూనె పొర, దానిపైన నూనె, రోజనం కలిసిన పలుచని రంగు పొర. వాటిలో ఏదీ ఆనాటి చిత్రకారులకు కొత్త సరుకు కాదు.

ఈ పూత మెత్తన. చెమట, ఒంటి వేడి తగిలేచోట త్వరగా పోతుంది. వాద్యం పైభాగంలో ఎడమ అరచెయ్యి ఆనే పక్క, వెనుక పలక భుజానికి తగిలే మేర, గడ్డం ఒత్తుకునే చోటు ముందు అరుగుతాయి. గడ్డం ఆన్చుకునే చెక్కను జర్మన్ వాద్యకారుడు లూయీ స్పోర్ 1820 ప్రాంతంలో ప్రవేశపెట్టాడు. అంతకుముందు వాయించిన వాద్యాల మీద ఆ చోటు బోసిగా కనిపిస్తుంది. జెనోవా నగరానికి వయొలిన్ వాద్యకారుడు పగనీని వదిలివెళ్లిన 1743 నాటి గ్వార్నేరి వయొలిన్ మీద ఆ జాడ స్పష్టంగా ఉంది.

అరుగుదల కన్నా పెద్ద నష్టం బాగుచేసే చేతుల వల్ల జరిగింది. 19వ శతాబ్దపు యూరప్ బల్లలకూ బీరువాలకూ అద్దంలాంటి మెరుపు కోరుకుంది. వయొలిన్ కొనేవాళ్లూ అదే అడిగారు. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ చుట్టతో రుద్దుతూ పొర మీద పొర వేసే ఫ్రెంచ్ పాలిష్ వయొలిన్ దుకాణాల్లోకీ వచ్చింది. ఆ లక్క చాలావరకు భారతదేశం నుంచి వెళ్లినదే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు గూడు కట్టగా వచ్చేది. ఏటికొప్పాక బొమ్మలకు రంగు పట్టించేదీ ఈ లక్కే. లక్కలో తప్పు లేదు, దాన్ని మోసుకొచ్చే స్పిరిట్‌తోనే చిక్కు. అది కింది నూనె వార్నిష్‌ను మెత్తబరుస్తుంది, రుద్దుడు ఆ మెత్తబడిన పూతను ఈడ్చి చదును చేస్తుంది. చేత్తో పూసిన పొరలోని సన్నని ఎగుడుదిగుళ్లు మాయమై గాజు రేకు పరిచినట్టు తయారవుతుంది. ఇలా మూతపడిన క్రెమోనా వాద్యాలు చాలా ఉన్నాయి.

ఈ చరిత్రకు దాదాపు చిక్కకుండా తప్పించుకున్నది 1716 నాటి ‘మెసయా’ అనే స్ట్రాడివరి. 1775లో స్ట్రాడివరి కొడుకు పావొలో దగ్గర కోజియో ప్రభువు మిగిలిన వాద్యాలు, పనిముట్లు కొన్నాడు. వాటిలో ఉన్న ఈ వయొలిన్ ఆయన చేతి నుంచి వర్తకుడు లూయిజి తారిజియోకి, అతను చనిపోయాక 1855లో పారిస్ తయారీదారు విల్యోమ్‌కి చేరింది. ముగ్గురూ దాన్ని పెద్దగా వాయించనివ్వలేదు, అందుకే పూత నిలిచింది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని యాష్మోలియన్ మ్యూజియంలో ఉంది. విశేషమేమంటే, ఇంత చెక్కుచెదరని నమూనా చేతిలో ఉన్న విల్యోమే తన కొత్త వయొలిన్ల మీద కృత్రిమ అరుగుదల సృష్టించడంలో దిట్ట. కొనేవాళ్లకు పాతదనమే కావలసి వచ్చింది.

20వ శతాబ్దంలో అతినీలలోహిత దీపం పాత పూతను చదివే సాధనమైంది. ఆ వెలుగులో లక్క నారింజ రంగులో మెరుస్తుంది. నూనె వార్నిష్ ఛాయ వేరు, కొత్తగా అద్దిన మచ్చలు విడిగా తేలతాయి. ఏది అసలుదో తెలిశాక కొత్త పూతతో కప్పేయడం మర్యాద కాకుండా పోయింది.

ఇప్పటి పని ముందు శుభ్రం చేయడంతో మొదలవుతుంది. తడి దూదితో చెమట మురికి పోతుంది. తంతుల కింద గడ్డకట్టిన కమాను రోజనంతోనే కష్టం. దాన్ని కరిగించే ద్రవమే వార్నిష్‌నూ కరిగిస్తుంది. బోసిపోయిన చెక్కకు రంగు వేయరు, పలుచని పారదర్శక పూతతో కాపాడి వదిలేస్తారు. దెబ్బ తగిలి పూత లేచిపోయిన చోట మాత్రం సన్నని కుంచెతో గుంటను చుక్కచుక్కగా నింపి, ఆరాక చదును చేసి, రంగును పలుచని పొరల్లో పెంచుతారు. మేపుల్ చెక్క చారలు వెలుగు పడే కోణాన్ని బట్టి తిరగబడతాయి కాబట్టి, ఒక వైపు నుంచి కలిసిపోయిన అద్దకం మరో వైపు నుంచి మచ్చలా కనిపించవచ్చు. రంగు పొడి ఎక్కువైతే చార కప్పుకుపోతుంది. ఉత్త అద్దకపు రంగైతే వెలుతురుకు వెలిసిపోవచ్చు. ఈ చిన్న అద్దకాలకు చాలామంది ఇప్పటికీ లక్క కలిసిన స్పిరిట్ వార్నిష్‌నే వాడతారు. అయితే అది గుంట అంచు దాటకుండా ఆపుతారు, రేపు మరొకరు తీసేయాలన్నా అసలు పూత జోలికి పోకుండా తీయగలిగేలా చూస్తారు.