నిద్రపోవడం నేర్చిన చిప్పు

తెల్లవారుజామున మూడున్నర. ఉప్పలగుప్తం దగ్గర మా మావయ్య రొయ్యల చెరువు. ఆయన టార్చిని నేరుగా నీళ్లలోకి కొట్టరు, గట్టు వారన ఏటవాలుగా వేస్తారు. వెలుగు పడగానే రొయ్యల కళ్లు నిప్పురవ్వల్లా ఎర్రగా మెరుస్తాయి. ఆ రవ్వలు అడుగున చెదురుమదురుగా ఉంటే ఆ పూటకు గండం గడిచినట్టే. గట్టంచుకు గుంపు కట్టి, పైకొచ్చి, మీసాలు ఆడిస్తున్నాయంటే మాత్రం చెరువులో ఊపిరి అయిపోయింది. "తేలాయిరా అబ్బాయ్!" అని ఆయన కేక వేసిన రాత్రి నాకింకా చెవుల్లో ఉంది. కరెంటు లేదు. డీజిల్ ఇంజను అందుకునేసరికి అరగంట దాటింది. పొద్దెక్కాక ఇద్దరం మోకాళ్లలోతు నీళ్లలో దిగి చచ్చిన రొయ్యని బుట్టలకెత్తాం. మావయ్య ఆ రోజంతా మాట్లాడలేదు.

పగలు ఎండ ఉన్నంతసేపూ నీటిలోని ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దు వాలాక అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి ఆ నిల్వని ఖర్చుపెట్టేస్తాయి. అందుకే సూర్యోదయానికి ముందు గంట అంత చెడ్డది. ముందురోజు మబ్బు పట్టిందా, మరీ చెడ్డది. లీటరు నీటికి 4, 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే రొయ్య కులాసాగా ఉంటుంది. 3కి దిగితే మేత మీద మనసు పోతుంది. ఇంకా దిగితే తేలుతుంది. మా వైపు రైతులు ఈ అంకెని 'డీవో' అంటారు. వాతావరణం గురించి అడిగినట్టు "మీ డీవో ఎంతండీ?" అని గట్టు మీంచి గట్టుకి అడుగుతారు.

1990లలో టైగర్ రొయ్యని తెల్లమచ్చల వైరస్ ఊడ్చేసింది. 2009లో వనామి అనే మరో రొయ్య జాతి సాగుకి కేంద్రం అనుమతి ఇచ్చాక అల్లవరం, కాట్రేనికోన వైపు చెరువులు మళ్లీ కళకళలాడాయి. వనామిని ఒత్తుగా వేయొచ్చు. చదరపు మీటరుకి 60 పిల్లల దాకా నిబంధనలు ఒప్పుకుంటాయి. అంత ఒత్తుగా వేసిన చోట ఊపిరి ఆగితే పంటంతా పోవడానికి ఒక్క రాత్రి చాలు. వనామితో పాటే రైతు ఇంటికి జాగారం కూడా వచ్చింది.

ఆ జాగారం మీద గట్టిగా పనిచేసినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. 2012లో విజయవాడలో రావి శ్రీరామ్ ఒక సంస్థ పెట్టి దానికి ఏరువాక అని పేరు పెట్టారు. జ్యేష్ఠ పున్నమినాడు నాగలికి పసుపు రాసి తొలిచాలు దున్నే పండగ పేరు అది. వాళ్ల పరికరం చెరువులో తేలే ఒక బోయా. పైన సోలార్ పలక, నీళ్లలో సెన్సార్లు. ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీహెచ్ కొలిచి రైతుకి కబురు పంపుతుంది. మెసేజ్‌తో ఆగకుండా ఫోన్ కాల్ కూడా చేస్తుంది. నా దృష్టిలో వాళ్ల అసలు తెలివి అక్కడుంది. తెల్లారగట్ల మూడింటికి వచ్చిన మెసేజ్‌ని ఏ రైతు చూస్తాడు? మోగే ఫోను మాత్రం ఎంత నిద్రలో ఉన్నా లేపుతుంది. ఆ తర్వాత నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లని దూరం నుంచి నడపడం, రొయ్యలు మేత తినేటప్పుడు చేసే టిక్కుటిక్కు శబ్దాన్ని నీళ్లలో మైకుతో విని మేత వేయడం దాకా వెళ్లారు. 2018లో నెదర్లాండ్స్ మేత సంస్థ న్యూట్రెకో అందులో పెట్టుబడి పెట్టింది.

చెరువు నడిమధ్యన కరెంటు తీగ లేని చోట ఒక యంత్రం నెలల తరబడి బతకాలంటే ముందు దానికి నిద్రపోవడం రావాలి. అది ఎలా వచ్చిందో వెతికితే ఆశ్చర్యంగా చాలా దారులు ఒకే ఊరికి పోతాయి. నార్వేలో, సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ట్రాండ్‌హైమ్.

ఇలాంటి యంత్రాన్ని నడిపే ఒంటి చిప్పు కంప్యూటర్, అంటే మైక్రోకంట్రోలర్, ట్రాండ్‌హైమ్ కథకి ముందే ఉంది. 1971లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో గ్యారీ బూన్, మైకేల్ కాక్రన్ కంప్యూటర్ మొత్తాన్ని ఒక్క చిప్పులో ఇమిడ్చారు. 1980లో వచ్చిన ఇంటెల్ 8051ని మన ఇంజనీరింగ్ కాలేజీలు తరాల తరబడి చదివించాయి. ఆ కాలపు చిప్పుల్లో కొన్నింటి నెత్తిన చిన్న గాజు కిటికీ ఉండేది. ప్రోగ్రాములో తప్పు దొర్లితే చిప్పుని పీకి, అతినీలలోహిత దీపం కింద నిమిషాల తరబడి ఉంచి, చెరిపి, మళ్లీ రాయాలి. 1990లలో ట్రాండ్‌హైమ్‌లో ఇద్దరు విద్యార్థులు, ఆల్ఫ్ ఎగిల్ బోగెన్, వేగార్డ్ వోలాన్, ఒక చిన్న చిప్పుల సంస్థలో పనిచేస్తూ కొత్త మైక్రోకంట్రోలర్ గీశారు. అమెరికా కంపెనీ ఆట్మెల్ దాన్ని ఏవీఆర్ పేరుతో తెచ్చింది. ప్రోగ్రాము చిప్పులోనే ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, క్షణాల్లో చెరిపి రాసుకోవచ్చు. 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో పుట్టిన ఆర్డుయినో బోర్డులో కూర్చున్నది ఆ ఏవీఆరే. ఎలక్ట్రానిక్స్ చదవనివాళ్లకి కూడా చిప్పుతో మాట్లాడడం దాంతో తేలికైంది.

ఆ విద్యార్థులు పనిచేసిన చిన్న సంస్థే ఇవాళ్టి నార్డిక్ సెమీకండక్టర్. బ్లూటూత్ లో ఎనర్జీ రేడియో చిప్పుల్లో పెద్ద పేరు దానిదే. ఆ రేడియో పద్ధతి మాత్రం ఫిన్లాండ్‌ది. నోకియాలో 2001లో పని మొదలై, 2006లో వైబ్రీ పేరుతో బయటికొచ్చి, 2010లో బ్లూటూత్ 4.0లో కలిసింది. పాటలు మోసే బ్లూటూత్ ఎప్పుడూ లైన్లోనే ఉంటుంది. ఇది అలా కాదు. కళ్లు తెరిచి, రెండు ముక్కలు చెప్పి, మళ్లీ పడుకుంటుంది. ఆ కబురులో పట్టేది 31 బైట్లు. డీవో అంకెకి రెండు బైట్లు చాలు.

ఇదంతా చదివి నేను కూడా ఒకటి కడదామని కూర్చున్నాను. మొదట ఆర్డుయినో ఊనో, దానికి ఫోను సిమ్ము వేసే మాడ్యూలు. బోర్డు ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చున్నా 45 మిల్లీఆంపియర్లు తాగుతుంది. ఫోను మాడ్యూలు టవర్‌ని వెతికేటప్పుడు ఒక్కో గుక్కకి రెండు ఆంపియర్లు. 2,000 ఎంఏహెచ్ బ్యాటరీ రెండో రాత్రి చూడలేదు. మావయ్య దాన్ని చూసి, "ఇదీ నాలాగే జాగారం చేస్తోందిరా, ఆయ్" అన్నారు. నాకు దారి చూపింది ఆ మాటే.

బోర్డు మీది అదనపు సరుకంతా తీసేసి, ఒంటి చిప్పుకి ఆ బ్లూటూత్ రేడియో జతచేసి నిద్రపుచ్చాను. నిద్రలో అది తాగేది కొద్ది మైక్రోఆంపియర్లు, అంటే ఇందాకటి దాంట్లో పదివేలవ వంతు. పదిహేను నిమిషాలకోసారి లేచి, సెన్సార్‌కి కరెంటు ఇచ్చి, చదివి, బ్లూటూత్‌లో ఒక్క కేక వేసి పడుకుంటుంది. ఆ కేకని గట్టు మీది పాకలో ఉన్న పెట్టె వింటుంది. పెట్టెకి కరెంటు ఉంది, సిమ్ము ఉంది, ఫోను చేసే పని దానిది. మెలకువ అవసరమైంది గట్టు మీదే, నీళ్ల మీద కాదు.

బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. చెరువులో వేస్తే పాకకి అరవై మీటర్లు కూడా అందలేదు. ఈ రేడియో పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకి నీళ్లంటే గిట్టదు. యాంటెన్నా నీటికి జానెడు ఎత్తున ఉంటే కేక సగం చెరువే మింగేస్తుంది. వెదురు గెడ పాతి యాంటెన్నాని నిలువెత్తుకి లేపాక అందింది. కొబ్బరితోట అడ్డం ఉన్న చెరువులకి అదీ చాలదు. అక్కడ 865 మెగాహెర్ట్జ్‌లో నడిచే, దూరం అందే లోరా రేడియో కావాలి. ఆ బ్యాండుని మన దేశంలో 2005లోనే లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు.

మూడోవారం ఇంకో చిక్కు. డీవో రోజురోజుకీ దిగుతున్నట్టు చూపిస్తోంది. రెండు రాత్రులు ఉత్తినే ఫోను మోగింది, ఉత్తినే ఏరియేటర్లు తిప్పాం. మూడోరోజు సెన్సార్‌ని పైకి తీసి చూస్తే దాని ముఖమంతా వేలితో గీస్తే ఊడొచ్చేంత పాకుడు. పాకుడులోని జీవాలు తాము తాగిన ఆక్సిజన్ పోను మిగిలిందే సెన్సార్‌కి వదులుతున్నాయి. అది చెప్పింది నిజమే, కాకపోతే చెరువు గురించి కాదు, తన ముఖం మీది పాకుడు గురించి. మెత్తటి బ్రష్షుతో కడిగి దించితే అంకె 3.1 నుంచి 5.2కి లేచింది.

ఆ తర్వాతి అమావాస్యకి నాలుగూ పది నిమిషాలకి మావయ్య ఫోను మోగింది. ఈసారి నిజంగానే మోగింది. ఆయన పాక దాకా నడిచి స్విచ్చి వేసి, నాలుగు ఏరియేటర్లూ నురగ లేపేదాకా చూసి, టార్చి వేశారు. రవ్వలన్నీ అడుగునే ఉన్నాయి.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున ఆయన తెప్ప మీద వెళ్లి సెన్సార్ కడిగొస్తారు. ఆ వెదురు గెడకి తాడుతో పళ్లు తోముకునే బ్రష్షొకటి కట్టి ఉంటుంది.