దాపల, వలపల

పెదపాడు, ఏలూరు, కైకలూరు ప్రాంతాల వాళ్లు పరాయి దేశం వెళ్లి డ్రైవింగ్ రెండోసారి నేర్చుకోవడం ఏ యాభై ఏళ్లకో మించిన సంగతి కాదు. అంతకు ముందు ఇక్కడ మొదటిసారి నేర్చుకున్నవాళ్లే తక్కువ. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక ఏలూరు కాలవలో పడవలు తిరిగాయి. 1893లో రైలు వచ్చింది. కొల్లేటి లంకలకు మాత్రం చాలాకాలం దోనెలే దిక్కు. నేల మీద ఎడ్లబండి. ఆ బండికి ఎడమన కట్టేది దాపల ఎద్దు, కుడిన కట్టేది వలపల ఎద్దు. దాపల అలవాటైన ఎద్దును వలపల కడితే కాడి ఒక పక్కకు లాగేస్తుందని రైతుకు తెలుసు. సముద్రాలు దాటిన డ్రైవరు పడ్డ పాట్లూ ఇంచుమించు ఇవే.

ఎడమ పక్కన నడవాలన్న నియమం ఇక్కడికి ఇంగ్లీషువాళ్లతో వచ్చింది. బ్రిటన్‌లో 1835 నాటి రహదారుల చట్టం దాన్ని ఖాయం చేసింది. మన దేశంలో 1939, 1988 మోటారు వాహనాల చట్టాల కాలమంతా అదే సాగింది. అమెరికాలో పెన్సిల్వేనియా 1792లో ఒక సుంకపు రోడ్డుకు కుడి పక్క నియమం పెట్టింది, న్యూయార్క్ 1804లో అదే దారి పట్టింది. అక్కడి పెద్ద సరుకు బళ్లు తోలేవాడు ఎడమవైపు వెనక గుర్రం మీద కూర్చునేవాడని, ఎదురు బండి చక్రం తన కళ్ల ముందు నుంచి పోవాలంటే తాను కుడికి జరగక తప్పదని సాధారణంగా చెప్పే కారణం. 1908లో ఫోర్డ్ మోడల్ టీ కారుకు స్టీరింగు ఎడమన పెట్టాక ఆ దేశంలో ఇక వేరే మాట లేకపోయింది. బర్మా సంగతి ఇంకా విడ్డూరం: 1970 డిసెంబరులో రోడ్డంతా కుడికి మారింది, పాత కార్ల స్టీరింగు మాత్రం కుడినే ఉండిపోయింది. గోదావరి తీరం నుంచి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది అప్పటికే వెనక్కి వచ్చేశారు.

గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దారి చమురు డబ్బుతో తెరుచుకుంది. కువైట్‌కు ఖాదిం వీసా (ఇంటి పనివాళ్లకిచ్చే వీసా) మీద ఇంటి డ్రైవర్లుగా వెళ్లినవాళ్లలో ఇక్కడ లారీలూ టాక్సీలూ నడిపి చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు. అక్కడ వాళ్లు మళ్లీ కొత్తవాళ్లే. బండి కుడి పక్క నడపాలి, రౌండెబౌట్‌ను మనకు తిరగబడ్డ దిశలో చుట్టాలి, కఫీల్ (వీసాకు పూచీపడ్డ యజమాని) ఇంటివాళ్లు వెనక సీట్లోంచి చెప్పే అరబ్బీ మాటలు అందుకోవాలి. యమీన్ అంటే కుడి, యసార్ అంటే ఎడమ. నేరుగా పొమ్మనడానికి మాత్రం సీదా అనే అంటారు. తెలుగు డ్రైవరుకు చుట్టం లాంటి మాట అదొక్కటే. దుబాయ్‌లో మన లైసెన్సు చూపిస్తే క్లాసులు తగ్గుతాయి కానీ పరీక్ష తప్పదన్నది చాలాకాలం సాగిన పద్ధతి.

అమెరికా కథ వేరు. 1965 వలస చట్టం తర్వాత వెళ్లిన డాక్టర్లలో, ఇంజనీర్లలో చాలామందికి ఇంటి దగ్గర కారే లేదు. వాళ్లు అక్కడే ఓనమాలు దిద్దుకున్నారు, మరచిపోవలసింది ఏమీ లేదు. 1983లో మారుతి 800 వచ్చి, 1990 చట్టంతో హెచ్1బి వీసా మొదలయ్యాక వెళ్లిన తరానికే పాత అలవాటు అడ్డొచ్చింది. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ ఏడాది చెల్లుతుంది. అయితే అది లైసెన్సుకు తోడుగా ఉండే అనువాదం లాంటిదే. కాపురం పెట్టినవాళ్లు ఆయా రాష్ట్రం గడువు లోపల అక్కడి లైసెన్సు తీసుకోవాలి: ముందు రాతపరీక్ష, తర్వాత అధికారిని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు పరీక్ష.

స్టీరింగు తిప్పడం ఎవరూ మరిచిపోరు. మొరాయించేది ఒళ్లు. చెయ్యి అలవాటుగా కుడి డోరు తెరుస్తుంది, ఎదురుగా స్టీరింగు ఉండదు. ఇండికేటర్ కాడ ఎడమన, వైపర్ కాడ కుడిన ఉంటాయి కాబట్టి ఎర్రటి ఎండలో మలుపు తిరగబోతే వైపర్లు ఊగుతాయి. గేర్లు లేని బండిలో ఎడమకాలు క్లచ్ కోసం తడుముకుంటుంది. అలవాటైన కొలతలో కూర్చున్నవాడి కారు తెలియకుండానే కుడి అంచుకు జరిగిపోతుంది. ట్రాఫిక్ ఉన్నప్పుడు ముందు బండి వెనకే పోతే సరిపోతుంది. అసలు ప్రమాదం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, ఎడమకు తిరిగిన మరుక్షణంలో.

దీనికంటే కష్టం మర్యాద మార్చుకోవడం. ఇక్కడ లారీ వెనక సౌండ్ హారన్ అని రాసి ఉంటుంది, హారన్ పలకరింపు. అక్కడ అది తిట్టు. నాలుగు దారుల స్టాప్ గుర్తు దగ్గర పోలీసు లేకపోయినా బండి పూర్తిగా ఆగాలి, ముందు వచ్చి ఆగినవాడు ముందు పోవాలి, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపు వాడికి దారి ఇవ్వాలి. ఎర్రదీపాలు వెలిగించిన స్కూలు బస్సును దాటకూడదు. మధ్యలో డివైడర్ లేని రోడ్డయితే ఎదురు వచ్చేవాళ్లూ ఆగాలి. అర్ధరాత్రి ఖాళీ కూడలిలో ఎవరూ చూడని చోట ఆగడం కొత్తవాళ్లకు మొదట్లో వింతగానే ఉంటుంది.

బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లకు పక్క మారదు. అయినా బ్రిటన్‌లో మన లైసెన్సు ఏడాది వరకే. ఆ తర్వాత మొదటి నుంచి పరీక్షలు రాయాల్సిందే.

సెలవులకు ఇంటికి వస్తే ఇదంతా తిరగబడుతుంది. అందుకే చాలామంది అద్దె కారూ డ్రైవరునూ మాట్లాడుకుని, కలపర్రు టోల్ గేటు దాటి ఏలూరు వస్తారు. ముందు సీట్లో ఎడమన, అంటే అమెరికాలో స్టీరింగు ఉండే చోట కూర్చుంటారు. ఊళ్లో ఆటో అడ్డం వచ్చినప్పుడల్లా, లేని బ్రేకును కుడికాలు తొక్కుతూ ఉంటుంది.