సాంబ్రాణి నూనె, బోళం కలిపిన ద్రాక్షారసం



పరీక్షల కాలం వచ్చిందంటే మన ఊళ్లలో కొన్ని చిన్న సీసాలు తిరగడం మొదలవుతుంది. వేలెడంత గోధుమరంగు సీసా, మీద నక్షత్రం బొమ్మో ఖర్జూర చెట్టు బొమ్మో ఉంటుంది. "బైబిలు నూనె" అంటారు. రెండు చుక్కలు కణతలకు రాస్తే పిల్లలకు చదివింది గుర్తుంటుందట, పెద్దవాళ్లకు మతిమరుపు తగ్గుతుందట, మెదడు పదునెక్కుతుందట. జ్ఞానులు బాలయేసుకు సాంబ్రాణి తెచ్చింది ఇందుకేనని కూడా చెప్పి అమ్ముతున్నారు. ధర చూస్తే పొలం పనికి వెళ్లే మనిషికి రెండు మూడు రోజుల కూలి. "అయ్యగారూ, ఇది వాక్యంలో ఉందా?" అని ఈ మధ్య చాలామంది అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు కొంచెం పొడుగు, చరిత్రలోకి వెళ్లాలి. ఓపికగా చదవండి.

ముందు నిర్గమకాండము 30వ అధ్యాయం తెరవండి. దేవుడు మోషేకు అభిషేక తైలం ఎలా చేయాలో అక్కడ చెప్పాడు. గోపరసం 500 తులాలు, దాల్చినచెక్క జాతి పట్టలు రెండు రకాలు, ఒకటి 250, ఇంకొకటి 500, సువాసన గల రెల్లు 250. ఇవి షెకెలు లెక్క. అన్నీ కలిపితే ఇప్పటి తూకంలో సుమారు పదిహేడు కిలోలు. దీనికి పోయవలసిన ఒలీవ నూనె ఒక హీను, అంటే దాదాపు నాలుగైదు లీటర్లు. పదిహేడు కిలోల దినుసులు నాలుగైదు లీటర్ల నూనెలో ఎలా మునుగుతాయి? యూదా రబ్బీలకు కూడా ఈ సందేహం వచ్చింది. వేళ్లను ఉడికించారా, నీళ్లలో నానబెట్టి పైన నూనె పోశారా అని వాళ్లు వాదించుకున్నారు. ఎలా చేసినా అది నానబెట్టి, కాచి, వాసన పట్టించిన ఒలీవ నూనె. మన అమ్మమ్మలు మందారాకు వేసి కొబ్బరినూనె కాచినట్టన్నమాట. ఇప్పుడు సీసాలో అమ్మేది ఆవిరి పట్టి తీసిన ఘాటు తైలం. రెండూ నూనెలే, జాతి వేరు.

ఆ తైలం ఎందుకు చేశారో కూడా అక్కడే ఉంది. గుడారానికి, మందసానికి, బల్లకు, దీపవృక్షానికి, అహరోనుకు, అతని కుమారులకు పూయడానికి. మామూలు మనుష్యుల ఒంటిమీద పోయకూడదు, ఆ పాళ్లలో ఇంకొకటి చేయకూడదు, చేసినవాడు ప్రజల్లోనుండి కొట్టివేయబడతాడు అని 32, 33 వచనాల్లో కట్టడి ఉంది. ఆ అధ్యాయం పేరు చెప్పి అదే సూత్రంతో చేశామని సీసాలు అమ్మేవాళ్లు ఈ రెండు వచనాలు చదివారో లేదో!

ఆ సువాసన గల రెల్లు దగ్గర మన తెలుగువాళ్లం కాస్త ఆగాలి. మన బైబిలులో అక్కడ నిమ్మగడ్డి అని చదువుతాం. హెబ్రీలో 'కెనె బోసెం'. అది వస అయ్యుంటుందని చాలాకాలంగా ఎందరో వ్యాఖ్యాతలు అనుకుంటూ వచ్చారు. వస అంటే మనకు తెలియనిదా! పసిబిడ్డకు మాటలు బాగా రావాలని, తెలివి పెరగాలని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం. మెదడుకు మంచిదని మన పెద్దలు నమ్మిన మూలిక అది. దాని నూనెలో ఉండే ఆసరోన్ అనే పదార్థం ఎలుకల్లో కంతులు పుట్టిస్తుందని తేలాక, 1968లో అమెరికా ప్రభుత్వం దాన్ని తినే వస్తువుల్లో కలపకూడదని నిషేధించింది. పూర్వం నుంచి వాడుతున్నాం గదా అన్నమాట ఒక్కటే సరిపోదని చెప్పడానికే ఇది ఎత్తాను.

జటామాంసి సంగతి నాకు చాలా ఇష్టం. బేతనియలో మరియ ప్రభువుకు పూసిన అత్తరు అదే. హిమాలయాల్లో ఎత్తయిన చోట్ల పెరిగే మొక్క వేరు అది. మన పచారీ కొట్టులో ఎండుగడ్డి చుట్టలా దొరుకుతుంది. ఆ వేరు యూదయ దాకా ఎలా వెళ్లింది? రెండవ శతాబ్దం నాటి ఒక పాపిరస్ కాగితం ఇప్పుడు వియన్నాలో ఉంది. కేరళ తీరంలోని ముజిరిస్ రేవునుంచి ఐగుప్తుకు వెళ్లిన ఒక ఓడ సరుకు లెక్క అందులో రాసి ఉంది. ఏనుగు దంతాలతోపాటు గంగా ప్రాంతపు జటామాంసి కూడా ఆ సరుకులో ఉంది. రోమా రచయిత ప్లినీ ఆ కాలంలోనే జటామాంసి కంకి వెల పౌనుకు నూరు దేనారాలని రాశాడు. ఒక దేనారం ఒక రోజు కూలి అని మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని కథలో చూస్తాం. మరియ తెచ్చింది సేరున్నర కాదు, మన లెక్కలో మూడువందల పాతిక గ్రాములు చిల్లర, వెల మూడువందల దేనారాలు. దాదాపు ఏడాది కూలి! ఆయుర్వేదంలో జటామాంసిని నిద్రకూ మనసు నెమ్మదికీ వాడుతారు. కానీ మరియ దాన్ని ఎవరి తెలివి పెంచడానికీ పోయలేదు. తన భూస్థాపన నిమిత్తమని ప్రభువే చెప్పాడు. (ఇంకోమాట. ఇప్పుడు ఆ మొక్క అడవిలో అంతరించిపోయే దశకు వచ్చింది, అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. చవగ్గా దొరికే 'జటామాంసి తైలం'లో ఏముందో ఆలోచించండి.)

ఇప్పుడు అసలు సాంబ్రాణి, బోళం దగ్గరికి వద్దాం. మెదడుకు పదును అని అమ్మేది వీటినే గదా.

యూదుల తల్మూదులో సన్హెడ్రిన్ అనే భాగం ఉంది. ప్రభువు కాలానికి కొన్ని శతాబ్దాల తరువాత కూర్చిన గ్రంథమే గానీ పాత ఆచారాలు అందులో భద్రంగా ఉన్నాయి. మరణశిక్ష పడినవాణ్ణి తీసుకువెళ్లేటప్పుడు, గిన్నెడు ద్రాక్షారసంలో ఒక పలుకు సాంబ్రాణి వేసి తాగించేవారట. ఎందుకు? వాడి తెలివి మసకబారాలని, జరిగేది తెలియకుండా పోవాలని. యెరూషలేములోని గొప్పింటి స్త్రీలు దాని ఖర్చు తామే భరించేవారని కూడా అక్కడ ఉంది. సామెతలు 31లో నశించేవానికి మద్యం ఇవ్వమన్న మాటను దానికి ఆధారంగా చూపారు. ఈనాడు మెదడు చురుకుకని అమ్ముతున్న సాంబ్రాణిని ఆ ఊరిలో మనిషి మెదడు మొద్దుబారడానికి ఇచ్చారు!

ఇప్పుడు మార్కు 15:23 చదవండి. గొల్గొతాలో ప్రభువుకు బోళం కలిపిన ద్రాక్షారసం ఇచ్చారు. ఆయన పుచ్చుకోలేదు. తల్మూదులో సాంబ్రాణి, మార్కులో బోళం, దినుసు వేరే. ఎందుకిచ్చారో మార్కు చెప్పలేదు. అయినా నొప్పి తెలియకుండా ఇచ్చే మత్తు అదేనని వ్యాఖ్యాతల్లో చాలామంది అంటారు, నాకూ అదే సబబుగా తోస్తుంది. మేకులు దిగబోయే ముందు ఆయన తెలివిని మసకబరిచే గిన్నెను పక్కకు పెట్టాడు. ఆ తరువాతే దొంగతో మాట్లాడాడు, తల్లిని శిష్యుడికి అప్పగించాడు. పూర్తి తెలివిలో ఉన్న మనిషి చేసే పనులవి. బోళం ఆయన దగ్గరికి మళ్లీ వచ్చింది నీకొదేము చేతుల్లో, సమాధి చేసేటప్పుడు.

మరి ఈ ఘాటు తైలాలు ఎప్పుడు పుట్టాయి? సారా కాచే బట్టీ చూసినవాళ్లకు నేను వివరించనక్కర్లేదు. కింద మంట, పైన ఆవిరి, ఆవిరి చల్లబడి చుక్కలుగా దిగడం. పూలను, ఆకులను అలా పట్టి సువాసన తీయడం గురించి తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ కిందీ పుస్తకమే రాశాడు. తరువాత పర్షియా వైద్యుడు ఇబ్న్ సీనాకు గులాబీ తైలం విషయంలో పేరొచ్చింది. 1500లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో బ్రున్ష్విగ్ అనే వైద్యుడు ఈ బట్టీల మీద బొమ్మలతో పుస్తకం అచ్చువేశాడు. అంటే సీసాలో ఉన్న ఈ నూనె అపొస్తలులకు తెలిసిన వస్తువు కాదు.

"అరోమాథెరపీ" అన్న మాటైతే మన తాతల కాలంనాటిదే. ఫ్రాన్సులో లియోన్ నగరంలో అత్తర్ల కంపెనీ నడిపిన గట్‌ఫొస్సే అనే రసాయన శాస్త్రవేత్త 1937లో ఆ పేరుతో పుస్తకం వేశాడు. 1910లో ప్రయోగశాలలో పేలుడు జరిగి ఆయన చేతులు కాలాయి. మండుతున్న చేతిని లావెండర్ తొట్టిలో ముంచగానే మాయమైందని అమ్మేవాళ్లు కథ చెబుతారు. ఆయన రాసుకున్నది వేరు. గడ్డిలో దొర్లి మంట ఆర్పుకున్నాడు, తరువాత పుండ్లు కుళ్లడం మొదలైతే లావెండర్ తైలంతో కడిగాడు. పుండు శుభ్రం చేసిన కథ అది. జ్ఞాపకశక్తి ఊసే లేదు.

మన తెలుగువాళ్ల సంగతీ ఉంది. కృష్ణా జిల్లాలో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల దగ్గర ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం, అన్నీ ఈ జాతి ఘాటు పదార్థాలే. ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక నడిచింది, ఎన్నో పుస్తకాలు అచ్చయ్యాయి. తలనొప్పికి పంతులుగారి డబ్బా, తెలివికి పంతులుగారి పత్రిక! రెండింటినీ ఆయన కలపలేదు.

వాసనకు మెదడు మీద ప్రభావమే లేదా అంటే, ఉంది. ముక్కు నుంచి వెళ్లే నరాలు భావోద్వేగాలు, జ్ఞాపకం ఉండే భాగాలకు చాలా దగ్గరదారిలో చేరతాయి. తొలకరి మట్టి వాసనకు చిన్నతనం గుర్తుకు రావడం అందుకే. వాసనను ముక్కు ఎలా పసిగడుతుందో కనిపెట్టిన ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ బహుమానం వచ్చింది. 2003లో ఇంగ్లండులో నార్తంబ్రియా విశ్వవిద్యాలయం వాళ్లు 144 మందిని గదుల్లో కూర్చోబెట్టి పరీక్షించారు. రోజ్‌మేరీ వాసన ఉన్న గదిలో జ్ఞాపకం కొంత మెరుగైంది, కానీ గుర్తుతెచ్చుకునే వేగం తగ్గింది. లావెండర్ గదిలో జ్ఞాపకం మందగించింది. అంతా ఆ గదిలో కూర్చున్న కాసేపటి మాట. దాన్ని పట్టుకుని పదో తరగతి పిల్లవాడికి మార్కులు పెరుగుతాయని చెప్పడం దేవుని ఎదుట న్యాయం కాదు. సాంబ్రాణి బంకలోని ఒక పదార్థం ఎలుకల్లో బెదురు తగ్గించిందని 2008లో ఒక పరిశోధన వచ్చింది, అదీ ఎలుకల్లోనే. ఇక సాంబ్రాణికి మందుగా పేరుతెచ్చిన బాస్వెలిక్ ఆమ్లాలు బరువైనవి, ఆవిరితో పైకి లేవవు. అవి బట్టీ అడుగున మిగిలిపోతాయి, సీసాలోకి రావు.

ఇంత చెప్పడానికి కారణం ఒకటుంది. పక్క ఊరి సహోదరి ఒకామె కొడుకును వెంటబెట్టుకుని ప్రార్థనకు వచ్చింది. ఆ అబ్బాయికి మూర్ఛ, రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నాడు. నూనె అమ్మిన మనిషి, ఇది రోజూ తలకు రాస్తే మెదడు నరాలు బాగుపడతాయి, మాత్రలు మానేయొచ్చు అన్నాడట. అప్పుచేసి కొన్నది. మూత తీసి వాసన చూస్తే సాంబ్రాణికంటే కర్పూరం ఘాటే ఎక్కువ. కర్పూరం, నీలగిరి తైలం మూర్ఛను రేపగలవు. దక్షిణ భారతదేశంలోని ఆసుపత్రుల్లో నరాల వైద్యులు ఇలాంటి కేసులు లెక్కగట్టి 2021లో ప్రచురించారు, తలకు, ముక్కుకు బామ్ రాసుకున్నాక వచ్చినవీ వాటిలో ఉన్నాయి. ఆ రోజు నేను ఒలీవ నూనెతోనే ఆ బిడ్డకు ప్రార్థన చేశాను. యాకోబు 5:14లో పెద్దలు రాయమన్న నూనె ఏ ఇంటి దీపంలోనైనా ఉండే నూనె, దానికి కంపెనీ పేరు లేదు. మాత్ర ఒక్క పూట కూడా మానవద్దని, డాక్టరును అడగకుండా మోతాదు కదపవద్దని తల్లికి చెప్పి పంపాను.

మీ ఇంట్లో అలాంటి సీసా ఇప్పటికే ఉంటే, తాగించవద్దు. నీళ్లలో చుక్క అన్నా, తేనెలో చుక్క అన్నా వద్దు. చిన్నపిల్లలు కొద్దిగా నీలగిరి తైలం మింగినా ఫిట్స్ వచ్చి స్పృహ తప్పవచ్చు, వాళ్లకు అందని ఎత్తులో పెట్టండి. పసిబిడ్డల ముక్కుకు, ఛాతీకి రాయవద్దు. మూర్ఛ ఉన్న మనిషి ఇంట్లో ఉంటే కర్పూరం, నీలగిరి, రోజ్‌మేరీ అని రాసి ఉన్నవి ఇంట్లోకే తేవద్దు. చీటీ మీద ఇంగ్లీషు అర్థంకాకపోతే సీసా తీసుకువెళ్లి ఆసుపత్రిలో నర్సమ్మకు చూపించండి, లేదా ఆదివారం ఆరాధన అయ్యాక నాకు చూపించండి, చదివి చెబుతాను.