స్ప్లిట్ బ్రెయిన్

హై అవైలబిలిటీ క్లస్టర్‌లోని సర్వర్ల మధ్య సంబంధం తెగిపోయి, అవతలిది ఆగిపోయిందనుకొని ప్రతిదీ అదే సేవను విడిగా నడపడం. క్లస్టర్ లోపాల్లో అతి ప్రమాదకరమైనది ఇదే. సర్వర్ ఆగితే పని నిలిచిపోతుంది, అంతే. రెండూ ఒకే డిస్కు మీద రాస్తే డేటాయే పాడవుతుంది. శామీర్‌పేట వద్ద జీనోమ్ వ్యాలీలో జరిగే వ్యాక్సిన్ తయారీకి ప్రతి బ్యాచ్ రికార్డూ తప్పనిసరి. అలాంటి చోట పరస్పర విరుద్ధమైన రెండు రికార్డులు మిగలడం పని ఆగడంకన్నా పెద్ద నష్టం.

నివారణ కోరం: సగానికి మించి సర్వర్లున్న పక్షమే సేవ నడపాలి. రెండే ఉంటే మెజారిటీ తేలదు, మూడో సాక్షి కావాలి. 2022 నవంబరులో మొదలైన అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ రీజియన్‌లో మూడు జోన్లు (విడివిడి డేటా సెంటర్ సముదాయాలు) ఉన్నాయి. జోనుకొక సర్వర్ పెడితే ఒక జోన్ పోయినా కోరం నిలుస్తుంది.

రెండో రక్షణ ఫెన్సింగ్, అంటే కరెంటు తీసేయడం వంటి మార్గాల్లో అనుమానమున్న సర్వర్‌ను వేరుచేయడం. లైనక్స్‌లో క్లస్టర్‌ను నిర్వహించే పేస్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఈ పని చేయిస్తుంది. పరీక్షల వేళ దీన్ని ఆపి, అలాగే వదిలేయడం క్షమించరాని తప్పు.

లోపం వెతికేటప్పుడు అప్లికేషన్‌కన్నా ముందు నెట్‌వర్క్ చూడాలి: క్లస్టర్ సర్వర్ల మధ్య సందేశాలు నడిపే కోరోసింక్ మామూలుగా వాడే యూడీపీ 5405 పోర్టును ఫైర్‌వాల్ అడ్డుకుంటోందేమో గమనించాలి. విడిపోయిన సర్వర్లను కలిపేముందు రెండు వైపుల డేటాకూ కాపీ తీసి ఉంచాలి.