రెండు డిసెంబరు చట్టాలు

1910 ఫిబ్రవరిలో బస్తరు సంస్థానంలో భూమ్‌కాల్ రేగింది. ఆ తిరుగుబాటుకు ముందు నిలిచిన నేతానార్ గుండాధూర్‌ను ఇక్కడి ఊళ్లు ఈనాటికీ తలుచుకుంటాయి. దాని వెనక ఎన్నో కష్టాలున్నాయి: వెట్టి, పన్నులు, దొరల దౌర్జన్యం. వాటిలో పెద్దది ఒక నిర్ణయం. సంస్థానం అడవుల్లో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలని 1905లో ప్రభుత్వం ప్రతిపాదించింది. పోడు కొట్టేవాళ్లను, ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లను ఎవరూ అడగలేదు. తాతల నాటి బతుకు ఒక్క కాగితంతో నేరమైపోయింది. తిరుగుబాటును తుపాకులతో అణిచాక, రిజర్వు చేయదలిచిన విస్తీర్ణాన్ని ప్రభుత్వమే తగ్గించుకుంది.

ఆ బస్తరులో భాగమైన మా దంతెవాడ చరిత్రను రాజుల పేర్లతో చెప్పడం వాడుక. ఓరుగల్లు నుంచి వచ్చిన అన్నమదేవుడితో మొదలుపెట్టి, దంతేశ్వరి గుడి శాసనం మీదుగా ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ దాకా చెబుతారు. నేను మాత్రం చట్టాలతో చెబుతాను. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేసే రోజుల్లో మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను బచేలిలో పౌరశాస్త్రం చెప్పాను. మా తరగతిలో తెలుగు పిల్లలు, గోండి పిల్లలు, హల్బీ మాట్లాడే పిల్లలు ఒకే బల్ల మీద కూర్చునేవారు. బిల్లు ప్రవేశపెట్టడం, మూడు పఠనాలు, రెండు సభల ఆమోదం, రాష్ట్రపతి సంతకం: పుస్తకంలో పాఠం అక్కడితో అయిపోయేది. ఒకసారి ఒక గోండి అమ్మాయి లేచి, "సంతకం అయ్యాక ఆ చట్టం మా ఊరికి ఎట్లా వస్తుంది సార్?" అని అడిగింది. దానికి జవాబు పుస్తకంలో లేదు, దంతెవాడ చరిత్రలో ఉంది.

రాజ్యాంగ సభలో 1946 డిసెంబరు 19న ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పనక్కర్లేదు, వాళ్ల దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్నాడు. ఆ సభే చివరికి ఐదవ షెడ్యూలును రాసింది. దాని ప్రకారం, పార్లమెంటు చేసిన ఏ చట్టమైనా షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే మా బస్తరులాంటి ఆదివాసీ ప్రాంతంలో, వర్తించదని గానీ, మార్పులతో వర్తిస్తుందని గానీ గవర్నరు ప్రకటించవచ్చు. సలహాకు గిరిజన సలహా మండలి ఉంటుంది. మామూలు ప్రాంతాల్లో గవర్నరుకు ఇంత అధికారం లేదు. దాన్ని వాడింది మాత్రం బహు అరుదు.

ఇక పార్లమెంటులో బస్తరు గొంతు ఎంత? మొదటి లోక్‌సభలో 489 స్థానాలుంటే బస్తరుకు ఒకటి. 1952లో ఇక్కడి జనం ముచాకి కోసా అనే స్వతంత్ర అభ్యర్థికి 83 శాతం ఓట్లు వేసి పంపారు. అంత భారీగా గెలిచినా ఆయన చేతిలో ఉన్నది ఒక్క ఓటే. ఓట్ల లెక్కతోనే చట్టాలు అయ్యేటట్టయితే మా అడవికి అనుకూలంగా ఒక్కటీ అయ్యేది కాదు. అయినా రెండయ్యాయి. ఎలా అయ్యాయో చూస్తే పార్లమెంటు పనితీరు బోధపడుతుంది.

మొదటిదానికి బీజం మా దగ్గరే పడింది. జగదల్‌పూర్ దగ్గర మావలీభాటాలో ఉక్కు కర్మాగారం పెడతామన్నప్పుడు ఊళ్లు ఒప్పుకోలేదు. ఒకప్పుడు బస్తరు కలెక్టరుగా చేసిన బి.డి. శర్మ వాళ్ల పక్షాన నిలిచాడు. 1992లో జగదల్‌పూర్ వీధుల్లో కొందరు ఆయన మెడలో చెప్పుల దండ వేసి ఊరేగించారు. ఆయన వెనక్కి తగ్గలేదు. 'మావ నాటె మావ రాజ్', మన ఊళ్లో మన రాజ్యం అన్న నినాదం ఊరూరా పాకింది.

అదే కాలంలో ఢిల్లీలో 73వ సవరణ జరిగి, 1993 ఏప్రిల్ 24 నుంచి పంచాయతీలకు రాజ్యాంగ హోదా వచ్చింది. అయితే 243ఎం అధికరణం షెడ్యూల్డు ప్రాంతాలను పక్కన పెట్టి, ఒక తలుపు తెరిచి ఉంచింది: పార్లమెంటు కావాలనుకుంటే తగిన మార్పులతో ఒక చట్టం చేసి పంచాయతీలను అక్కడికీ విస్తరించవచ్చు. దాన్ని రాజ్యాంగ సవరణగా లెక్కించరు కాబట్టి మూడింట రెండొంతుల మెజారిటీ అక్కర్లేదు, మామూలు మెజారిటీ చాలు. ఆ మార్పులు ఏవో చెప్పమని ఎంపీ దిలీప్ సింగ్ భూరియా అధ్యక్షతన కమిటీ వేశారు. 1995లో నివేదిక వచ్చింది. 1996 డిసెంబరు 24న రాష్ట్రపతి సంతకంతో షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ బిల్లు చట్టమైంది. దాన్నే పొట్టిగా పెసా అంటారు.

పెసాలో నన్ను కదిలించేది ఊరికి అది ఇచ్చిన హద్దు. దంతెవాడలో ఊరంటే దూరదూరంగా విసిరేసినట్టుండే పారాలు. తన ఆచారం ప్రకారం తన పనులు చూసుకునే పారానైనా ఊరుగా గుర్తించవచ్చని చట్టం చెప్పింది. భూసేకరణకు ముందు సంప్రదింపు తప్పనిసరి చేసింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభలకు, పంచాయతీలకు ఇమ్మంది.

రెండోది అటవీ హక్కుల చట్టం. దీని వెనక ఒక తెలుగువాడి కృషి ఉంది. 2005 డిసెంబరు 13న బిల్లు పెట్టాక దాన్ని ఉభయ సభల సంయుక్త కమిటీకి పంపారు. అధ్యక్షుడు పార్వతీపురం ఎంపీ వి. కిశోర్ చంద్రదేవ్. 1980 అక్టోబరు 25 నాటికి సాగులో ఉన్నవాళ్లకే హక్కు అన్నది బిల్లు. కమిటీ ఆ గడువును 2005 డిసెంబరు 13కు జరిపింది. గిరిజనులతో పాటు తరతరాలుగా అడవినే నమ్ముకున్న ఇతరులనూ చేర్చాలంది. కుటుంబానికి రెండున్నర హెక్టార్లే అన్న పరిమితి వద్దంది, చట్టంలో అది నాలుగు హెక్టార్లుగా తేలింది. హక్కుల నిర్ణయం గ్రామసభతోనే మొదలవ్వాలి. 2006 డిసెంబరు 29న సంతకం పడింది. అడవిలో బతికేవాళ్లకు చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టం పీఠికలోనే ఒప్పుకుంది. 1910లో తుపాకులతో జవాబు చెప్పిన రాజ్యానికి ఆ మాట అనడానికి 96 ఏళ్లు పట్టింది.

సభలో ఎంత గోల జరిగినా టీవీలో చూస్తాం. కమిటీ గదిలో ఒక తేదీ మారితే ఎవరికీ కనబడదు. కానీ ఆ తేదీ మారబట్టే పాతికేళ్లలో అడవిలో గుడిసె వేసుకున్న కుటుంబాలకు నిలబడేందుకు చోటు దొరికింది. పార్లమెంటు గొప్పతనం ఆ గదుల్లో ఉందని నేను నమ్ముతాను.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. పార్లమెంటు పెసాలో సూత్రాలు మాత్రమే చెప్పింది. వాటికి తగ్గట్టు రాష్ట్రాలు తమ చట్టాలు సవరించుకోవాలి, నియమాలు రాసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ 2011లో రాసుకుంది. 2000లో పుట్టిన ఛత్తీస్‌గఢ్ 2022 ఆగస్టులో రాసుకుంది. ఈలోగా తునికాకు వ్యాపారం 1964 నాటి చట్టం కిందే సాగింది. 2019 జూన్‌లో వేల మంది విల్లంబులతో, బియ్యం మూటలతో నడిచొచ్చి కిరండూల్‌లో గని కార్యాలయం ముందు కూర్చున్నారు. వాళ్లు దేవుడిగా కొలిచే నందరాజు కొండ బైలాడిలా ఇనుప ఖనిజపు 13వ నిక్షేపంలో ఉంది. గని తవ్వకానికి హిరోలి గ్రామసభ 2014లో ఒప్పుకుందని కాగితం ఉంది. అలాంటి సభే జరగలేదని ఊరివాళ్లు అన్నారు. ప్రభుత్వం పనులు ఆపి విచారణకు ఆదేశించింది.

జనం ఆరోజు కొండ కోసం వచ్చారు, నిజమే. కానీ వాళ్లు పట్టుబట్టింది గ్రామసభ గురించి. చట్టం తమకిచ్చిన సభను తాము లేకుండా ఎలా జరిపారని అడిగారు. నా దృష్టిలో చట్టం ఊరికి చేరడమంటే అదే. రాష్ట్రపతి సంతకంతో సగం ప్రయాణమే అవుతుంది. మిగతా సగం గ్రామసభ నడవాలి. అందుకే పెసా, అటవీ హక్కుల చట్టాలను గోండిలో, హల్బీలో అచ్చువేసి ప్రతి పారాలో చదివి వినిపించాలి. బడిలో పౌరశాస్త్రం పాఠం గ్రామసభ తీర్మానం రాయడంతో మొదలవ్వాలి. తన ఊరి తీర్మానాన్ని తనే చదవగలిగిన పిల్ల ముందు దొంగ కాగితం నిలవదు.